జల్లెడక్క పెట్టిన బొట్టు

ఆమె పోయిందని నాకు మూడు నెలలు ఆలస్యంగా తెలిసింది. బెంగళూరు శివార్లలోని కాడుగోడి స్టేషన్ బయట కూరగాయల బండ్ల దగ్గర, మా సంస్థలో ఒకప్పుడు వాచ్‌మన్‌గా చేసిన ముసలాయన బీరకాయలు ఏరుకుంటూ కనిపించాడు. నన్ను చూసి, చేతిలో కాయ అలాగే పట్టుకుని, "మీ జల్లెడక్క పోయిండాది, తెల్సునా సామీ?" అన్నాడు. తెలీదన్నాను. "యుగాదికి ముందే పాయ. జ్వరం అనిరి, ఇంగేమో అనిరి."  ఆ మాట చెప్పి, కాయలు ముదిరిపోయాయని బండివాడితో తగువుకు దిగాడు.

నాకెవరూ కబురు చెయ్యలేదని నొచ్చుకుందామా అని చూశాను. అందుకు తగిన కారణం ఒక్కటీ దొరకలేదు.

ఆమెకు పేరుంది. మస్టర్ రోల్‌లో రోజూ ఆ పేరు రాసి హాజరు వేసింది నేనే. ఇక్కడ మాత్రం రాయను. రాయాల్సిన చోట రాయకుండా, ఇప్పుడు తీరిగ్గా రాసి పుణ్యం కట్టుకోవడం బాగుండదు.

నాది కాటన్‌పేట. మూడు తరాలుగా మాది గుడ్డల వ్యాపారం. ఇంట్లో చరిత్రలో ఎం.ఏ. చేసింది నేనొక్కణ్ణే, మిగతావాళ్ళంతా బాగానే ఉన్నారు. తొంభైల మొదట్లో ఒక పురావస్తు పరిశోధన సంస్థలో సహాయకుడిగా చేరాను. తవ్వకంలో దొరికిన ప్రతిదానికీ నంబరు వెయ్యడం, రిజిస్టరులో ఎక్కించడం, పెద్దసారు వ్యాసాలు టైపు చెయ్యడం నా పని. పెద్దసారంటే మా డైరెక్టరు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఒక దుర్మార్గుడు దొరికితే బాగుండునని నేనూ చాలా వెతికాను.

హొసకోటె దాటి, మద్రాసు రోడ్డు వదిలి లోపలికి పోతే ఒక గుండ్ల గుట్ట ఉండేది. దాని బండచాటున తవ్వేవాళ్ళం. అడుగు పొరలో గోరంత గోరంత రాతి బ్లేడ్లు, అంటే వేటాడీ ఏరుకు తినీ బతికిన మధ్యశిలాయుగం వాళ్ళవి. పై పొరలో కుండపెంకులు, పశువుల ఎముకలు, అంటే సేద్యం నేర్చినవాళ్ళవి. ఈ రెండింటి మధ్య ఒక జానెడు మట్టిలో ఇవీ అవీ కలిసి ఉన్నాయి. పెద్దసారు జీవితమూ నా జీతమూ ఆ జానెడులోనే ఉండేవి. కిందివాళ్ళే మెల్లగా పైవాళ్ళయ్యారా, లేక పైవాళ్ళు ఎక్కణ్ణుంచో వచ్చి కిందివాళ్ళని లేపేశారా? కిందివాళ్ళే అయ్యారని పెద్దసారు నమ్మకం. సాక్ష్యం కావాలి.

తవ్విన మట్టినంతా జల్లెడ పట్టాలి. అందుకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు దినకూలీకి వచ్చేవాళ్ళు. అక్క వాళ్ళలో ఒకతె. అప్పటికి ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఆమెకూ సరిగ్గా తెలీదు. జల్లెడని నడుముతో ఆడించేది, చేతులు ఊరికే పట్టుకుని ఉండేవి. మిగతావాళ్ళు మట్టిని చూసేవాళ్ళు. ఆమె ఎటో చూస్తూ వినేది. గులకరాయి చప్పుడు వేరు, పనిచేసిన రాయి చప్పుడు వేరు అనేది. నాకు రెండూ ఒకలాగే వినిపించేవి, నాకు ఎం.ఏ. ఉంది.

దొరికింది రాయో ఎముకో తేలకపోతే నాలుక మీద పెట్టుకునేది. అంటుకుంటే ఎముక. పక్కకి తుప్పున ఉమ్మి, "ఎముకప్పా, రాసుకో" అనేది. పెద్దసారు చదువుకున్న విదేశంలో కూడా ఇలాగే చేస్తారని తర్వాత తెలిసింది. వాళ్ళు ఉమ్మరట, అంతే తేడా.

ఒకరోజు తమలపాకు తొడిమ తుంచడానికి ట్రేలోంచి ఒక రాతి బ్లేడు తీసుకుంది. తొడిమ కోసి, బ్లేడు కొంగుతో తుడిచి, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టేసి, "ఇంగా పదును ఉండాది" అంది. మెచ్చుకున్నది రాతినో, చేసినవాణ్ణో. పెద్దసారు చూశాడు.  ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు పెద్దసారు కూలీలకు తన సిద్ధాంతం చెప్పేవాడు. కన్నడంలో, ఓపిగ్గా. వేటగాళ్ళు రైతులవడానికి వందల ఏళ్ళు పట్టింది అన్నాడొకసారి. అక్క ముద్ద నమిలి మింగి, "మా మామ నలభై ఏండ్లు సేద్యం చేసినాడు సార్. ఇంగా రైతు కాలే. వానలు పడుంటే అయ్యుండు" అంది. ఇంకోసారి ఆయన, సేద్యమంటే విత్తనం వెయ్యడం ఒకటే కాదు, అసలు మార్పు మనుషులు ఒకచోట నిలబడి ఉండిపోవడం అన్నాడు. ఆమె కంచం పక్కన పెట్టింది.

"ఒకచోట ఉండాలంటే ముందు ఎవరన్నా ఉండనియ్యాల కదా సార్."

ఆయన క్యారియరు మూత పెట్టాడు. దానికి జవాబు మొన్నటిదాకా చదివిన పుస్తకాల్లో నాకు కనిపించలేదు.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. పొలం కౌలు పోయాక మొగుడు వైట్‌ఫీల్డ్ వైపు మేస్త్రీల కింద పనికి కుదిరాడు. కడుతున్న బిల్డింగు పక్కనే రేకుల షెడ్డులో కాపురం. బిల్డింగు పూర్తయితే షెడ్డు లేపేస్తారు. ఇంకో బిల్డింగు, ఇంకో షెడ్డు. "కట్టేంతవరకు మాది, కట్టినాంక వాళ్ళది" అనేది, అదేదో లిఫ్టు ఎక్కే పద్ధతి చెప్పినట్టు.

రెండో ఏడు తవ్వకంలో, సరిగ్గా ఆ జానెడు మట్టిలో, ఒక సన్నికల్లు దొరికింది. మూరెడు పొడుగు, మధ్యలో అరిగి గుంటపడ్డ నూరుడురాయి. పెద్దసారు దాని పక్కన కూర్చుని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క జల్లెడ దించి వచ్చింది. అడగకుండానే రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్త చేతులతో నూరినట్టు ముందుకీ వెనక్కీ ఊగింది. ఆగి, కొంచెం కుడికి జరిగి, మళ్ళీ ఊగింది.

"ఈయమ్మకి ఎడమ మోకాలు నొప్పి సార్" అంది. "బరువంతా ఈపక్క ఏసింది. చూడండి, ఈపక్కే అరిగిండాది."

నిజంగానే ఒకపక్కే అరిగి ఉంది. అది పెద్దసారు వ్యాసంలోకి వెళ్ళింది, ఆయన పేరు మీద. టైపు చేసింది నేను. టైపయ్యేసరికి ఆ మోకాలి నొప్పి 'అసమానమైన అరుగుదల'గా మారిపోయింది. మోకాలూ పోయింది, అమ్మా పోయింది.

రాతి కంతల్లో ఇంకా పాత పిండి రేణువులు ఉండొచ్చు. అవి అడవి గడ్డిగింజలవా, విత్తి పండించినవా తేలితే జానెడు ప్రశ్నకి జవాబు దొరికినట్టే. అందుకని రాతిని కడక్కూడదు, తుడవక్కూడదు. విదేశీ ల్యాబుకి పంపేదాకా మట్టితోనే పెట్టెలో ఉంచాలి. పెట్టె మీద 'కడగరాదు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో చీటీ అంటించింది నేనే. తర్వాత ఆ పెట్టె చేరిన ఆఫీసు స్టోరు గదిలో కడిగే పని చేసింది ఒక్క అక్కే. ఆమెకు ఏ భాషలోనూ చదువు రాదు. అంటే ఆ చీటీ నేను నాకోసం రాసుకున్నట్టు.

తవ్వకం ముగిశాక పెద్దసారు అక్కని బెంగళూరు ఆఫీసుకి తెచ్చాడు, పెంకులు కడిగి వేరు చెయ్యడానికి. దినకూలీలని పర్మనెంటు చేసే జాబితాలో ఆమె పేరు మొదట పెట్టాడు. పర్మనెంటయితే ఆఫీసు వెనక ఔట్‌హౌస్ గది ఇస్తారు. ఆ గది ఖాళీగా ఉండేది. కిటికీకి తలుపు లేదు, నేల పగిలింది. అక్క దాన్ని రోజుకోసారి చూసి వచ్చేది. ఒకరోజు చూస్తే గోడవారగా మట్టి గుల్లచేసి ఉంది. అనపగింజలు నాటింది.

"గది ఇంకా రాలేదు కదక్కా?" అన్నాను.

"విత్తనం ఏసినాంక లేపరప్పా. పంట పెట్టినోళ్ళని లేపేది పాపం."

పెద్దసారు మూడు వందల పేజీల్లో చెప్పాలనుకున్నదేదో అందులో ఉందని నాకు ఆరోజు తోచలేదు.

ఇక ఆయుధపూజ. బెంగళూరులో ఆ పండగ గుళ్ళో కన్నా ఆఫీసుల్లోనే ఎక్కువ. పారలు, తాపీలు, కొలబద్దలు కడిగి వరసగా పెట్టాం. పెద్దసారు స్కూటరుకి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మా సంస్థకి కొత్తగా ఒక కంప్యూటరు వచ్చింది. దాన్ని ఆన్ చెయ్యడం ఎవరికీ రాకపోయినా అరటి పిలకలు కట్టడం అందరికీ వచ్చు. నేను స్టూలెక్కి దానికి దండ వేస్తున్నాను. అక్క పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. జల్లెడలకి బొట్లు పెట్టడం అయిపోయింది.

"అప్పా, లోపల పెట్టెల్లో ఉండేటివి? ఈటికి పెట్టేది లేదా? ఇవీ పనిముట్లే కదా."

నాకు చమత్కారం అంటే ఇష్టం. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు కూడా.

"పెట్టక్కా. సీనియారిటీ ప్రకారమైతే ముందు వాటికే పెట్టాలి."

"నిజంగానా?"

"గవర్నమెంటు ఆర్డరు" అన్నాను, దండ ముడి వేస్తూ. పక్కనున్న టైపిస్టు నవ్వాడు. అక్క నవ్వలేదు. తల ఊపి లోపలికి వెళ్ళింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె నన్ను నమ్ముతుందని నాకు తెలియదని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. ఎముకప్పా, రాసుకో అంటే నేను ఆమెని నమ్మి రాసుకునేవాణ్ణి కదా. ఆమె మాత్రం నన్నెందుకు నమ్మదు?

రెండు రోజులు సెలవు. మూడోరోజు పొద్దున్నే పెద్దసారు స్టోరు గది తెరిచాడు. సన్నికల్లుని అక్క కొబ్బరిపీచుతో, కుంకుడు రసంతో తళతళలాడేలా తోమి, గుంటలో నిండా పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, ఒక చామంతి పువ్వు ఉంచింది. పక్కన ట్రేలో గోరంత బ్లేడ్లకి ఒక్కోదానికీ ఒక్కో చుక్క. కొన్ని వేల ఏళ్ళుగా వాటికి ఎవరూ అంత మర్యాద చేసి ఉండరు.

పెద్దసారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి, ఆమెని పిలవమన్నాడు.

ఆమె ముందు నా టేబులు దగ్గరికొచ్చింది. ఏదో తప్పు జరిగిందని మొహంలో తెలుస్తోంది, భయం మాత్రం లేదు. గొంతు తగ్గించి అడిగింది.

"ఆ ఆర్డరు కాగితం ఉంటే ఇయ్యప్పా. సారుకు చూపిస్తా."

 నా చేతులు టేబులు మీది కాగితాలని చప్పుడయ్యేలా సర్దాయి. ఆమె ఎదురుచూసింది. జల్లెడ పట్టేటప్పుడు వినే పద్ధతిలో, ఎటో చూస్తూ. కాసేపటికి ఆ చప్పుడులో ఏముందో తెలిసిపోయినట్టుంది. ఇంకేమీ అడక్కుండా లోపలికి నడిచింది. వెనకే నేనూ.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు పెద్దసారు.

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాణ్ణని అప్పుడప్పుడు అనుకుంటాను. అది నా గురించి నాకున్న మంచి అభిప్రాయాల్లో ఒకటి.

"నాకే తోచింది సార్. రాయి మురికిగా ఉండాదని."

అంతే. పెద్దసారు కళ్ళద్దాలు పెట్టుకుని, నాతో, "రిజిస్టరులో రాయండి" అన్నాడు. రాశాను: 'దినకూలీ నిర్లక్ష్యం వల్ల కడగబడినది.' చక్కటి దస్తూరి. పసుపు మాట రాయలేదు; రాస్తే ఎందుకు, ఎవరు అని ఎవరైనా అడుగుతారు. రాతి మీద పైకి కనిపించే పసుపూ కుంకుమా ఆ సాయంత్రమే కడిగించేశారు. జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. ఆ వారం చివర ఆమె పని మానేసింది. పోయేముందు వెనక గదివైపు వెళ్ళి అనపతీగకి రెండు చెంబులు నీళ్ళు పోసి వెళ్ళిందని వాచ్‌మన్ చెప్పాడు.

ఆ చలికాలం తీగ విరగకాసింది. కాయలు ఆఫీసువాళ్ళమే కోసుకున్నాం. మా ఇంట్లో ఉప్మాలో వేశారు. బాగున్నాయి.

తర్వాత పదేళ్ళకి కాబోలు, ఒక్కసారి కనిపించింది. అప్పటికి కాడుగోడిలో రాగి చేలు పోయి, గాజు మేడలకి దారులు పడ్డాయి. ఒక అపార్టుమెంటు పునాదుల దగ్గర ఇసుక జల్లెడ పడుతోంది. ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద వల, పారతో విసరడం. నడుముకి ఆ జల్లెడలో పనిలేదు. ఆటో దిగి వెళ్ళాను. "బాగుండావా అప్పా?" అంది, నిన్న మానేసి ఇవాళ కలిసినట్టు. "పర్మనెంటు అయినావా?" అయ్యానన్నాను. "మంచిదే. ఎవరో ఒకరు" అంది.

చెప్పాల్సింది చెబుదామని నోరు తెరిచాను. ఏదో హాస్యం బయటికొచ్చింది. ఏమిటో ఇప్పుడు గుర్తులేదు. ఆమె వినలేదు. కొంగు ముడి విప్పి, తెల్లటి చిన్న రాతి బ్లేడు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇసకలో వచ్చె. మీవాళ్ళదే. రాసుకో. ఎక్కడ దొరికిందని మాత్రం అడగొద్దు, లారీకి ఊరుండదు."

చోటు తెలియని వస్తువుకి మా శాస్త్రంలో విలువ లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది, నంబరు లేకుండా.

కాడుగోడిలో వాచ్‌మన్ ఆ కబురు చెప్పింది గురువారం. తర్వాతి సోమవారం, మా సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్న అనంతపురం అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. పెద్దసారు రిటైరై, పోయి కూడా చాలా కాలమైంది. ఆయన వదిలేసిన సన్నికల్లుని ఈ అమ్మాయి బయటికి తీసి, కంతల్లో మిగిలినదాన్ని నీళ్ళతో రాబట్టి, నెలల తరబడి మైక్రోస్కోపు కింద చూసింది.

"సార్, టర్మెరిక్ సార్! పసుపు! సేద్యం మొదలయ్యే టైముకే వీళ్ళు పసుపు నూరారు. ఇది ఎంత పెద్ద ఫైండో తెలుసా?"

"పైన ఎవరైనా పూసి ఉండొచ్చు కదమ్మా" అన్నాను.

"లేదు సార్, అదే పాయింటు." పాత రిజిస్టరు తెరిచి చూపించింది. "చూడండి, శుభ్రంగా కడిగేశారు. పసుపు పూసినట్టు ఎక్కడా లేదు. కడిగినా కంతల లోతుల్లో మిగిలిందంటే అది పాతదే కదా? ఈ ఎంట్రీయే నాకు ప్రూఫ్. హ్యాండ్‌రైటింగ్ మీదే కదా సార్?"

నాదే. ఇంత చక్కగా ఎవరు రాస్తారు.

ఈ రెండూ ఒకే వారంలో జరగకపోతే నేను మళ్ళీ నోరు మూసుకునేవాణ్ణేమో. నా గురించి నాకు ఆ మాత్రం తెలుసు.

"ఆ పసుపు నాకు తెలుసమ్మా. ఆయుధపూజది. పెట్టమన్నది నేనే."

ఆమె పగలబడి నవ్వింది. "మీరు భలే సార్. మీరేం చెప్పినా జోకే."

పెన్ను తీసి, ఆ పాత వాక్యం కింద మిగిలిన చోటులో రాశాను: 'ఈ రాతికి పసుపు, కుంకుమ పెట్టమని చెప్పినది నేను. గవర్నమెంటు ఆర్డరని చెప్పాను. ఆ దినకూలీ నిర్లక్ష్యం ఏమీ లేదు.' సంతకం చేసి తేదీ వేశాను. అమ్మాయి చదువుతూ చదువుతూ నవ్వడం ఆపేసింది. థీసిస్‌లో ఒక అధ్యాయం పోయిందామెకి. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, "ఆవిడ ఎక్కడుంటారు సార్? ఒకసారి కలిసి కన్ఫర్మ్ చేసుకోవచ్చా?" అంది.

"మూడు నెలల ముందు అడగాల్సింది" అన్నాను.

అమ్మాయి ఆ పేజీని జిరాక్స్ తీయించి, నాకూ ఒక కాపీ ఇచ్చింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. అక్క అడిగిన కాగితం అదే. సారుకు చూపిస్తా అంది. ఇప్పుడు సారూ లేడు, అక్కా లేదు. కాగితం మాత్రం సంతకంతో, తేదీతో సక్రమంగా ఉంది.